ఫోను ఆపి ఉంచిన కబురు

నా ఉద్యోగం ఏమిటో మా అత్తమ్మకు ఒకసారి చెప్పి చూశాను. "ఫోను పక్కన పెట్టినా దాని లోపల చిన్న చిన్న పనులు నడుస్తనే ఉంటయి అత్తమ్మా. మెసేజ్‌లు తెచ్చుకునుడు, ఫోటోలు సర్దుకునుడు, గిట్లాంటివి. ఏ పనికి ఎప్పుడు వంతు ఇయ్యాల్నో చూసేదాన్ని కెర్నల్ అంటరు. ఆ వంతులు ఎట్ల పెట్టాల్నో నేను రాస్త." ఆమె శ్రద్ధగా విని, "గిది గూడ ఒక పనేనా?" అంది.

గద్వాలలో మా ఇంటి మేడ మీద గదే నా ఆఫీసు. నిరుడు నాకు అప్పజెప్పింది బ్యాటరీ ఎక్కువసేపు నిలిచేలా చూడటం. ప్రతి చిన్న పనికీ చిప్పును లేపుతూ ఉంటే బ్యాటరీ ఇట్టే అయిపోతుంది. అందుకని తెర ఆరిపోయి, ఫోను కదలకుండా పడి ఉంటే, వెనక జరిగే పనులన్నిటినీ ఆపి ఉంచేలా రాశాను. మళ్లీ ఎవరైనా చేతిలోకి తీసుకున్నప్పుడో, చాలాసేపటి తరువాతో అన్నీ కలిపి ఒకేసారి జరుగుతాయి. ఉప్పుకొకసారి, పప్పుకొకసారి కొట్టుకు పోకుండా అన్నీ కలిపి తెచ్చుకున్నట్టు. ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం ఎప్పటిలాగే మోగుతుంది. మిగతావి కాస్త ఆగితే కొంపలేమీ మునగవని మా టీంలో అందరం తేల్చేశాం. ముందుగా నా ఫోనులోనే వేసుకుని చూశాను. ఛార్జింగ్ మర్నాటి దాకా నిలిచింది. ఎంత మురిసిపోయానో.

వీపనగండ్లలో చదివేటప్పుడు నాకొక స్నేహితురాలు ఉండేది. పదో తరగతి దాకా ఇద్దరిదీ ఒకే బెంచీ. తరువాత నేను పై చదువుకు పోయాను, ఆమె అమ్మానాన్నలతో కలిసి బెంగళూరుకు కట్టడం పనులకు పోయింది. అయినా క్రిస్మస్‌కు నేను వాళ్లింట్లో, బతుకమ్మకు ఆమె మా ఇంట్లో ఉండాల్సిందే. మా కొత్తింటి గృహప్రవేశం దాకా అలాగే సాగింది. ఆ రోజు ఆమె పట్టుచీర కట్టుకుని వచ్చింది. మా బంధువొకావిడ ఆమెను పనిమనిషి అనుకుందో, ఎవరో తెలిసే అందో, గిన్నెలు తోమమని పురమాయించింది. ఆమె కొంగు దోపుకుని గిన్నెలన్నీ తోమి, అన్నం తినకుండా వెళ్లిపోయింది. చుట్టాల సందడిలో ఉన్న నాకు సాయంత్రం దాకా ఆ సంగతే తెలియదు. తెలిశాక ఫోన్ చేస్తే ఎత్తలేదు. వాళ్ల ఊరికి వెళితే, బెంగళూరు పోయిందన్నారు. అలా ఏళ్లు గడిచిపోయాయి.

మొన్నటి ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఫోను బల్ల మీద బోర్లించి పనిలో పడ్డాను. సాయంత్రం టీ పెట్టుకుందామని లేచి చేతిలోకి తీసుకోగానే మెసేజ్‌లన్నీ బిలబిలమంటూ వచ్చిపడ్డాయి. వాటి మధ్య ఒక వాయిస్ మెసేజ్‌లో ఆమె గొంతు.

"ఏమే, నేను. గద్వాల టేషన్ల ఉన్న. బెంగళూరు పోతున్నం. రైలుకు ఇంక మస్తు టైముంది, జర ముందుగాల్నే వచ్చిన. పనిల ఉంటవేమోనని ఫోన్ చెయ్యలే. పురసత్ ఉంటె రా. పల్లికాయలు ఉడకబెట్టి తెచ్చిన."

దాని కింద ఇంకొకటి. "రైలొచ్చింది. ఎక్కుతున్నం."

ఫోన్ ఎందుకు చేయలేదో నాకు వెంటనే అర్థమైంది. నేరుగా రమ్మని అడిగాక నేను రానంటే ఆమె తట్టుకోలేదు. వెళ్లిపోయిందని తెలిసి కూడా స్కూటీ వేసుకుని స్టేషన్‌కు పోయాను. ప్లాట్‌ఫారం మీద ఎవరూ లేరు. అక్కడే నిలబడి ఫోన్ చేశాను. ఈసారి ఎత్తింది.

"చూసినవా?" అంది, రైలు చప్పుడులోంచి.

నేను ఊపిరి తిప్పుకోకుండా మొదలుపెట్టాను. "నీ మెసేజ్‌లు నాకు ఇప్పుడే వచ్చినయే. ఫోను పండుకుంటే అన్నీ ఆగిపోతయి. నేనే అట్ల రాసిన..." వంతులు, చిప్పు, బ్యాటరీ, అన్నీ ఏకరువు పెట్టాను. చెప్పేకొద్దీ అదంతా నాకే కట్టుకథలా వినిపించింది.

"గట్లనా," అంది. "పోనీలే. పెద్ద పనులల్ల ఉంటవ్."

"లేదే, తెలిస్తే ఉరికొచ్చేదాన్ని. ఒట్టు."

"నేనేమన్న అన్ననా? పిల్లలు సతాయిస్తున్నరు, పెడుత."

నేను ఎత్తాల్సింది గృహప్రవేశం నాటి మాట. బ్యాటరీ గురించి అంతసేపు వాగాను. ఆ రోజు నిన్ను అన్నం పెట్టకుండా పంపించాను, సిగ్గుగా ఉందే అన్న ఒక్క ముక్క మాత్రం నోట్లోంచి రాలేదు. ఇప్పటికీ తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మర్నాడే ఆ మెసేజ్‌ల యాప్‌ను, ఎన్నడూ ఆపకూడని వాటిలో చేర్చాను. ఇప్పుడు బడి వాళ్ల ఫీజు హెచ్చరికలు, చుట్టాలు పంపే శుభోదయం పూలు, అన్నీ వచ్చిన క్షణానే మోగుతాయి. మోగిన ప్రతిసారీ చేతిలో పని వదిలేసి చూస్తాను. బ్యాటరీ సాయంత్రానికే చచ్చిపోతోంది.

చెప్పాల్సిన ఆ మాటను చివరికి నేనూ వాయిస్ మెసేజ్‌లోనే చెప్పి పంపాను. ఆమె విన్నట్టు తెర మీద నీలం గుర్తు పడింది. జవాబు రాలేదు. ఈసారి నెపం ఫోను మీద వేయడానికి కూడా లేదు.