ఇసుకలోకి నొక్కిన గుల్ల

ఇంగ్లండుకు పడమటి పొరుగున పెండైన్ తీరంలో, కూరకు పనికొచ్చే గుల్లలు ఏరుకునే ఆడవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. బొటనవేలి గోరుకన్నా చిన్న గుల్ల చేతికి వస్తే బుట్టలో వెయ్యరు. పెరగనిమ్మని మళ్ళీ ఇసుకలోకి నొక్కేస్తారు. కెటూరాకు ఇది తొమ్మిదో ఏట తల్లి నేర్పిన పని. ఇరవై నాలుగేళ్ళు వచ్చేసరికి, మనసు ఎక్కడున్నా చెయ్యి దాని పాటికి అది చేసుకుపోయేది.

ఆ ఏడాది మార్చిలో ఇంగ్లండు నుంచి ఒక దొర విమానం ఇంజను బిగించిన పొడవాటి కారు తెచ్చాడు. నేలమీద తనంత వేగంగా పోయినవాడు లేడనిపించుకోవాలని అతని పంతం. అటొకసారి, ఇటొకసారి పరిగెత్తాలి. రెంటి సగటే లెక్క. దొర పక్కన కూర్చుని చేతిపంపుతో పెట్రోలు అందించే పనికి యెస్టిన్ కుదిరాడు. అతను ఊళ్ళో సైకిళ్ళు బాగుచేసేవాడు. ఈస్టర్ వెళ్ళాక అతనికీ కెటూరాకూ పెళ్ళి.

సముద్రం వెనక్కి తీశాక ఇసుకమీద మిగిలే గుల్లలు ఆ వేగంలో టైర్లను కోసేస్తాయి. అందుకని ఆడవాళ్ళను పన్నెండుమందిని వరసగా నిలబెట్టి దారంతా ఏరించారు. నడుము వంచి ఏరుతూనే వాళ్ళు దొరను ఆడిపోసుకున్నారు. అంత తొందరగా పోయి అటు చివర ఏం చేస్తాడని ఒకామె అడిగింది. మళ్ళీ ఇటే వస్తాడట అని ఇంకొకామె చెప్పింది. యెస్టిన్ తల్లి తబిత ఒక్కతే నవ్వలేదు.

"చూపు కింద పెట్టవే కెటూరా. నా కొడుకు పోయే దారి."

"కిందే ఉంది అత్తా. నీ కొడుకు నావైపు చూస్తేగా. ఆ ఇనప పెళ్ళాం ఒళ్ళు తుడవడమే సరిపోయింది."

తబిత కూడా నవ్వింది. పది అడుగులు వేశాక కెటూరా చేతికి ఒక పసిగుల్ల తగిలింది. ఇసుకలోకి నొక్కింది. నాలుగు అడుగులు పోయాక గాని తనేం చేసిందో తెలియలేదు. వెనక్కి తిరిగి చూసింది. ఇసుకంతా ఒక్కలాగే ఉంది. వరస ముందుకు పోతోంది, మేస్త్రీ ఈల వేస్తున్నాడు. బతికున్న గుల్ల, అదే లోపలికి దిగిపోతుందిలే అనుకుంది.

మొదటి పరుగు బాగానే సాగింది. తిరుగు పరుగులో వెనక టైరు పేలి కారు మూడుసార్లు దొర్లింది. దొర కాలు విరిగింది గాని బతికాడు. యెస్టిన్ బతకలేదు.

చక్రం ఊచలు విరిగి టైరు పేలిందని విచారణలో తేల్చారు. గుల్లలు ఏరినవాళ్ళను ఎవరూ ఏమీ అడగలేదు. నా బిడ్డను ఇనుము తినేసింది అని తబిత కనబడ్డ వాళ్ళందరితో అనేది. అలా అన్నాకే ఆమెకు రొట్టెముక్క గొంతు దిగేది. పెళ్ళి కాకపోయినా నా కోడలివే అని కెటూరాను ఇంటికి తెచ్చుకుంది.

పందొమ్మిదేళ్ళు ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర బతికారు. కెటూరా ఇంకొకరిని చేసుకోలేదు. ఊరు మెచ్చుకుంది. ఆ మెప్పు ఆమెకు వాత పెట్టినట్టుండేది. ఈ రోజు చెప్పెయ్యాలి అనుకుంటూ లేచేది. చెప్పకుండానే దీపం ఆర్పేది.

తబిత మంచం పట్టిన చలికాలంలో ఒక ఉదయం, తల దువ్వుతూ చెప్పేసింది. ఏదీ దాచలేదు.

తబిత కిటికీవైపు తిరిగి అడిగింది.

"వెనక్కి తిరిగి చూశావా?"

"చూశాను అత్తా."

"చూసీ నడిచిపోయావు."

కెటూరా దువ్వెన పట్టుకుని నిలబడింది.

"ఇన్నాళ్ళూ ఇనుమును తిట్టుకున్నాను. దానికి నోరు లేదు. నాకు హాయిగా ఉండేది. నాలుగు రోజుల్లో పోయేదాన్ని, ఇప్పుడెందుకు చెప్పావే? నీ బరువు దించుకోడానికా?"

కెటూరా మళ్ళీ దువ్వబోతే తబిత తల పక్కకు తీసుకుంది.

"రేపటినుంచి పక్కింటి హన్నాను రమ్మను. తల అది దువ్వుతుంది."

అయిదోరోజు తబిత పోయింది. శవపెట్టె వెంట మగవాళ్ళే శ్మశానానికి వెళ్ళారు. వాళ్ళు తిరిగొచ్చేలోగా ఆడవాళ్ళు టీ, రొట్టె సిద్ధం చెయ్యాలి. హన్నా కెటిల్ పొయ్యిమీద పెట్టింది. తన గురించి అత్త ఏమైనా అన్నదా అని కెటూరా అడిగింది.

హన్నా కప్పులు సర్దుతూ చెప్పింది.

"ఏమీ అనలేదు. నీ పేరెత్తితే మాట మార్చి మంచినీళ్ళు అడిగేది."

కెటూరా బల్ల దగ్గరకు వెళ్ళి రొట్టె కోయసాగింది.