వీపు తిప్పి చుట్టే మనిషి

ఇందుకూరుపేటలో మోటార్లు చుట్టే ఆయన పని మొదలెట్టగానే మనకు వీపు తిప్పేవాడు. నాకదే అనుమానం. కొట్టులో పుట్టి పెరిగినవాణ్ణి, తూచే చెయ్యి కనబడకపోతే దేవుణ్ణయినా నమ్మను. నేను సొంతంగా చేసుకున్న, రిమోట్‌తో ఎగిరే బొమ్మ విమానంలోని నిమ్మకాయంత మోటారు కాలిపోతే, కొత్త తీగ చుట్టమని ఇచ్చాను.

"ఇటు తిరిగి చుట్టన్నా."

"నువ్వు చూస్తా ఉంటే చుట్లు తప్పిపోతాయి."

"పాత తీగ వెయ్యడంలేదు గదా?"

"ఆగిపోతే నన్నడుగు."

ఎగరేసి చూద్దామని మైపాడు తీరానికి పోతే ఆయనా వెంట వచ్చాడు. విమానం లేచి అలల మీదికి మళ్లింది. మోటారు ఆగితే నా ఏడాది కష్టం సముద్రంపాలే. ఆగలేదు. మెచ్చుకుందామని పక్కకు తిరిగితే ఆయన లేడు. లుంగీతోనే నడుంలోతు నీళ్లలోకి దిగి, సరిగ్గా విమానం కింద నిలబడి ఉన్నాడు.

"అక్కడేం పనన్నా?" అని కేకేశాను.

"ఊరికేనే, నీళ్లు చల్లగుండాయి," అన్నాడు, విమానం మీంచి చూపు తిప్పకుండా.