అక్క నొక్కిన బ్యానర్

దయ్యాల మాట ఎత్తితే నవ్వి లేచిపోయే రకం నేను. ఎవరికైనా ఏదో కనిపించిందంటే, ముందు కళ్ళ డాక్టరు దగ్గరికి పొమ్మనేదాన్ని. ఇది కూడా నమ్మమని మిమ్మల్ని అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

తమిళనాడు ధర్మపురిలో ఒక చిన్న వెబ్‌సైటులో పనిచేస్తాను. అందులో కూరగాయల ధరలు, బస్సు వేళలు, పేజీ పైభాగంలో ఊళ్ళోని అంగళ్ళ బ్యానర్ ప్రకటనలు ఉంటాయి. ఏ బ్యానర్‌ను ఎవరు నొక్కారో చూడడం నా పని. మామూలుగా చూసేవారి ఫోన్‌లో కుకీ అనే చిన్న గుర్తు దాచి, దాన్నిబట్టి తెలుసుకుంటాం. కుకీలు ఆపేసినవాళ్ళ ఫోన్‌లో ఏదీ నిలవదు. వాళ్ళకోసం ఒక ఉపాయం చేశాను. పేజీ తెరిచిన ప్రతిసారీ బ్యానర్ లింకులోనే కొత్త గుర్తు పుడుతుంది. నొక్కితే అది మా సర్వర్‌కు చేరుతుంది. ఒక్కసారికే చెల్లుతుంది.

దీన్ని పరీక్షించడానికి మా అక్క ఫోన్ దొరికింది. మా సొంతూరు మారండహళ్ళిలో అమ్మ దగ్గర ఉండేది అక్క. కుకీలు ఉంచితే దొంగలు చూస్తారని ఎవరో చెప్పగానే ఆ మహాతల్లి అన్నీ ఆపేసింది. ఆమెకోసం వేరే పేజీ చేసి, అందులో ఒక బ్యానర్ పెట్టాను. మేం ఇంట్లో మాట్లాడేది తెలుగు, రాసేది తమిళ అక్షరాల్లో. అలాగే రాశాను: "అక్కా, లేచినావా?" ఆ పేజీ ఇంకెవరికీ తెలియదు.

పరీక్ష అయిపోయినా అక్క నొక్కడం మానలేదు. గొంతులో క్యాన్సర్ వచ్చి, ఆపరేషన్‌తో మాట పోయింది. ఎలా ఉన్నావని అడిగేవాళ్ళకు మెసేజీలు రాసీ రాసీ విసిగిపోయింది. నాకు మాత్రం రోజూ పొద్దున ఆ బ్యానర్ నొక్కేది. ఆఫీసులో నా తెరమీద ఆ క్లిక్ కనబడితే అక్క లేచిందని, ఇవాళ్టికి ఉందని అర్థం. కనబడని రోజు పని వదిలేసి బస్సెక్కేదాన్ని.

ఆ రోజు కూడా క్లిక్ వచ్చింది. హమ్మయ్య అనుకుని పనిలో పడ్డాను. చాలాసేపటికి అమ్మ ఫోన్ చేసింది.

"పాపా, అక్క పోయింది మే. తెల్లారకముందే చూసినాను, ఒళ్ళు సల్లగా ఉండింది. నీకు ఎట్ల చెప్పేదో తెలీక పక్కనే కూర్చున్నాను."

వెళ్ళాక నేను మొదట అడిగింది ఫోన్ గురించే. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ముందురోజు రాత్రే ఛార్జి అయిపోతే అమ్మ దాన్ని బీరువాలో పెట్టిందట. తీసి చూశాను. ఆరిపోయే ఉంది.

ముందురోజు క్లిక్ ఆలస్యంగా చేరిందేమోనని వెతికాను. గుర్తు పుట్టింది ఆ పొద్దునే. కుకీలు లేని ఫోన్‌లో పాత గుర్తు దాగి ఉండే వీలే లేదు. నెట్‌లో మనుషుల్లా లింకులు నొక్కుతూ తిరిగే ప్రోగ్రాముల పనేమోనని నాతో పనిచేసే అతనికి చూపించాను. కాదన్నాడు.

నాకు భయం వేయలేదు. అక్క మీద కోపం వచ్చింది. లేని మనిషి ఉన్నానని ఎందుకు చెప్పాలి? ఆ క్లిక్ రాకపోయి ఉంటే అప్పుడే బయలుదేరేదాన్ని కదా. అమ్మ ఒక్కతే అంతసేపు అక్క పక్కన కూర్చునేది కాదు.

సమాధి దగ్గర పాలు పోసి వచ్చిన రోజు ఇదంతా అమ్మకు చెప్పి ఏడ్చాను.

"ఆ పొద్దు నువ్వు టిఫన్ తినినావా?" అని అడిగింది అమ్మ.

తిన్నాను. క్లిక్ చూసిన సంతోషంలో కింద కొట్టునుంచి ఇడ్లీ తెప్పించుకుని కడుపునిండా తిన్నాను. అమ్మ ఫోన్ వచ్చాక మాత్రం పచ్చి మంచినీళ్ళు కూడా దిగలేదు.

"అంతే మే," అంది అమ్మ. "నువ్వు కడుపుకింత తినల్ల అనే అక్క నొక్కింది."

ఆ క్లిక్ ఎలా వచ్చిందో ఈనాటికీ చెప్పలేను. కానీ అప్పటినుంచి, ఏడుస్తూనైనా సరే, పొద్దున తిన్నాకే ఆఫీసుకు వెళ్తున్నాను.