కొండదారి రాజుగారు

ఆదివారం మధ్యాహ్నమైతే చాలు, అతనికి కడుపులో సన్నగా మంట మొదలయ్యేది.

వారమంతా కళ్లద్దాల దుకాణం వెనకగదిలో కూర్చుని అద్దాలు అరగదీసే మనిషి. తడిచక్రం మీద గాజు పలచబడుతుంటే, వేళ్ల మధ్య నీటిచుక్క ఒకటి నిదానంగా గట్టిపడుతున్నట్టుండేది. ఆ గదిలో అతనికి ఎవరిమీదా ఏ కోపమూ లేదు. ఆదివారం మాత్రం తోడల్లుడి ఇంటికి వెళ్లాలి. అక్కడ యుద్ధముండేది.

అచ్చాఫీసు నడిపే తోడల్లుడు కాగితాలు కోసే పాతబల్లను ఇంటికి తెచ్చుకుని, దానిమీద ఏనాటిదో రాజుల కాలపు పటం పరిచాడు. నదులు, కోటలు, ఓడరేవులు. చెక్కబిళ్లలే సైన్యాలు. ఆడేది నలుగురు. తోడల్లుడికీ, మందులషాపాయనకీ, లెక్కల టీచరమ్మకీ తలా ఒక సామ్రాజ్యం. ఇతనిది వాటి నడుమ, అడకత్తెరలో పోకచెక్కలాంటి రాజ్యం. అరచేయంత నేల, పిడికెడు బిళ్లలు, కొండల మధ్య ఒకే ఒక్క దారి. ఆటలో ఆఖరున చేరాడు కాబట్టి అప్పుడు అదే మిగిలింది. ఇన్నేళ్లయినా అదే మిగులుతోంది.

తోడల్లుడిది ఎర్ర సామ్రాజ్యం. బల్ల సగం ఎరుపే. ఆ ఎరుపు చూడగానే తోడల్లుడి వైభవమంతా ఇతని కళ్లలో నిప్పులు పోసేది: నెరవని జుట్టు, గది నిండిపోయే నవ్వు, "మా పెద్దల్లుడు" అనేటప్పుడు అత్తగారి గొంతులో ఊరే తీపి.

"చిన్నల్లుడికి చిన్న దేశం. భలే కుదిరింది," అన్నాడితను ఒకరోజు ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ.

"దూరపు కొండలు నునుపండీ," అంది భార్య. "మా బావగారిది రంగేసిన జుట్టట. అక్క చెప్పింది. మీకు చెప్పొద్దంది కూడా."

"నాకెందుకు చెప్పొద్దంది?"

"సంతోషిస్తారని."

నిజంగానే సంతోషించాడు. ఆ సంతోషం తెల్లారేదాకా కూడా నిలవలేదు. రంగయినా ఎంత బాగా కుదిరిందో ఆ తలకి!

ఆ బల్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. రహస్య ఒప్పందాలు గదిలో మాట్లాడకూడదు. "రండి, కాస్త గాలికి నిలబడదాం" అని కావలసినవాళ్లను వసారాలోకి పిలుచుకెళ్లాలి. ఒక ఆదివారం తోడల్లుడు ఇతన్ని అలాగే పిలిచాడు. ఎర్ర సైన్యం టీచరమ్మ రాజధాని మీద పడాలంటే ఇతని కొండదారి తప్ప గత్యంతరం లేదు.

"దారివ్వు తమ్ముడూ. అటుపక్క ఓడరేవు నీకే రాసిస్తా."

"ఓడరేవు వద్దన్నయ్యా."

"మరేం కావాలి?"

ఎన్నాళ్లుగానో నమిలి మింగిన మాట. "వచ్చే ఆటలో ఎర్ర సామ్రాజ్యం నాకివ్వాలి. నా దేశం మీరు తీసుకోవాలి."

తోడల్లుడు రెప్పకూడా వేయలేదు. "అంతేనా? తీసుకో!"

అంత తేలిగ్గా ఇచ్చేసినందుకూ ఇతనికి ఒళ్లు మండింది. ఉన్నవాడికి బేరమాడే అవసరమైనా ఉండదు కాబోలు.

ఆ వారమంతా తడిచక్రం మీద గాజులో ఎర్ర సైన్యాలు నడిచాయి. ఆదివారం వచ్చింది. ఇతను చేతుల కుర్చీలో వెనక్కి వాలాడు. ముందు ఎర్రబిళ్లలు బారులు తీరి ఉన్నాయి. తోడల్లుడు పిడికెడు బిళ్లలు ఏరుకుని, ఇన్నాళ్లూ ఇతను కూర్చున్న ముక్కాలిపీట మీద సర్దుకుని కూర్చున్నాడు.

"రండి, గాలికి నిలబడదాం," అన్నాడు మందులషాపాయన లేస్తూ. ఇతను సగం లేచాడు. ఆయన చూపు ఇతన్ని దాటి ముక్కాలిపీట మీద వాలింది. వాళ్లిద్దరూ వెళ్లొచ్చాక టీచరమ్మ లేచింది. ఆమె పిలిచిందీ తోడల్లుణ్ణే. మళ్లీ మందులషాపాయన.

వసారాలో గుసగుసలు, ఉండుండి నవ్వు. గదిలో ఎర్ర సామ్రాజ్యం, చల్లారిన టీ.

కిటికీలోంచి వసారా మొత్తం కనిపిస్తోంది. మందులషాపాయన జేబులోంచి దగ్గుబిళ్ల తీసి తోడల్లుడి చేతిలో పెట్టాడు. ఆ బిళ్ల ఇన్నాళ్లూ తనదే. ప్రతివారం తన చేతిలోనే పెట్టేవాడు. టీచరమ్మ వాళ్లత్తగారి సంగతులన్నీ అక్కడే, తన చెవిలోనే చెప్పేది. కొండదారి తన చేతిలో ఉండేది కాబట్టి అందరూ తన తలుపే తట్టేవారు. అదొక వైభవమని అతనికి ఒక్క ఆదివారమూ తోచలేదు.

ఉండబట్టలేక గుమ్మం దాకా వెళ్లాడు. "అన్నయ్యా, కాస్త గాలికి..."

"ఆగు తమ్ముడూ, టీచరమ్మగారి వంతు అవనీ." దగ్గుబిళ్ల బుగ్గన పెట్టుకున్న తోడల్లుడి మొహం వెలిగిపోతోంది. "ఇంత భోగం ఇన్నేళ్లూ ఒక్కడివే అనుభవించావు కదయ్యా! ఆ కుర్చీలో కూర్చుని ఈ కిటికీలోంచి చూస్తుంటే నాకెంత కడుపుమంటో నీకేం తెలుసు!"

ఇతనికి ఇప్పుడు తెలుసు. కొలత కూడా తెలుసు.

"వచ్చే ఆటలో నా దేశం నాకిచ్చేయండి," అన్నాడు మెల్లగా.

"ఇస్తా. బదులు నాకేమిస్తావు?"

ఇతను వెనక్కి తిరిగి బల్ల వంక చూశాడు. నదులు దాటి, కోటలు దాటి, ఓడరేవుల దాకా ఎరుపే ఎరుపు. అంత ఎరుపులోనూ తోడల్లుడికి కావలసింది ఒక్కటీ కనబడలేదు.