దేవుణ్ణి కాస్త పక్కకి జరిపాం

ఆత్మకూరులో నేను తెలుగు లెక్చరర్ని. పాఠం చెప్పడం నా ఉద్యోగం, విశ్లేషించడం నా జబ్బు. కథ చదివితే ఇతివృత్తం ఏమిటి, శిల్పం ఏమిటి అని తవ్వకుండా ఉండలేను. సినిమాకి వెళ్తే కెమెరా అంత కిందనుంచి ఎందుకు చూస్తోందో పక్క సీటువాళ్లకి చెబుతాను, వాళ్లు అడక్కపోయినా సరే. నెల్లూరు బస్సులో డ్రైవరు పాట పెడితే, చరణం మధ్యలో వేణువు ఎందుకు ఆగిపోయిందో మా ఆవిడకి వివరించడం మొదలుపెడతాను. సంగం దాటేలోపే ఆమె నిద్రపోతుంది. కాలేజీలో పిల్లలు నయం, కళ్లు తెరుచుకునే వింటారు. అంతా విని, ఇది పరీక్షలో వస్తుందా సార్ అని అడుగుతారు.

నాకో సిద్ధాంతం ఉంది. కళలో ఏదీ ఊరికే ఉండదు. కథలో గోడకి పగులుందని రాస్తే ఆ పగులుకో అర్థం ఉన్నట్టే. సినిమాలో ఒక మనిషి మొహం మీద నీడ పడితే, ఆ నీడని ఎవరో కావాలని వేసినట్టే. దీన్ని క్లాసులో ఏటా చెబుతాను. ఇంట్లో ఇంకా ఎక్కువసార్లు చెబుతాను. ఈ సిద్ధాంతం వల్ల నాకు ఇంతవరకూ ఏ నష్టమూ జరగలేదు, పోయినేడాది మా చెల్లెలి పెళ్లి వీడియో ఇంటికొచ్చేదాకా.

ముందు మా పెద్దమ్మ గురించి చెప్పాలి. అమ్మకి సొంత అక్క. ఉదయగిరిలో కిరాణా కొట్టుంది. పెదనాయన పోయాక కొట్టు తనే చూసుకుంటోంది. మాట కటువు. కందిపప్పులో రాళ్లున్నాయని ఎవరన్నా అంటే, నీ కంట్లో ఉండాయేమో చూసుకోమంటుంది. అలాంటి మనిషి రోజూ మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ చూసుకుని అమ్మకి ఫోన్ చేస్తుంది. ఇద్దరూ ఒకే సీరియల్ చూస్తారు. అందులో కోడలు అలా అనడం న్యాయమేనా, ఆ అత్త ఏడుపు నిజం ఏడుపా దొంగ ఏడుపా అని గంటసేపు తేలుస్తారు. మా ఇంట్లో సాహిత్య విమర్శ నాతో మొదలైందని నేను అనుకుంటాను గానీ, అది నా పుట్టుకకి ముందే ఉంది.

పెదనాయన పోయినప్పటినుంచీ పెద్దమ్మ శుభకార్యాల్లో వెనక వరసలో కూర్చుంటోంది. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పరు, ముందుకి రమ్మనీ ఎవరూ అనరు. మా వైపు ఇంకా అలాగే నడుస్తోంది. చెల్లెలి పెళ్లిలోనూ ముహూర్తం దగ్గరపడగానే, సాంబారు చూసొస్తానని వంటల వైపు జారుకుంది. సాంబారుని చూడ్డానికి అక్కడ నలుగురు వంటవాళ్లున్నారు. అమ్మ వేదిక దిగి వెళ్లి ఆమెని తీసుకొచ్చి తన పక్కనే నిలబెట్టుకుంది. కొందరు పెద్దవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. అమ్మ ఆ వైపే చూడలేదు. ఆ రోజు మా అమ్మని చూస్తే నాకు గర్వంగా అనిపించింది.

కొన్నాళ్లకి స్టూడియో నుంచి వీడియో వచ్చింది. మా ఊళ్లలో పెళ్లి వీడియో చూడటం రెండో పెళ్లిలాంటిది. చుట్టాలొస్తారు, టీవీ ముందు చాపలు పరుస్తారు, కారాబూంది పంచుతారు. పెద్దమ్మ కూడా ఉదయగిరి నుంచి పొద్దున బస్సుకే వచ్చేసింది, కొట్టు మూసి మరీ. పెళ్లిలో ఎవరు ఏ చీర కట్టారో, ఎవరు ఎవరితో మాట్లాడలేదో, పాయసం ఎవరు రెండోసారి వేయించుకున్నారో అన్నీ అప్పుడే తేలతాయి.

రిమోట్ నా చేతిలో ఉంది. అక్కడే జరగాల్సిన తప్పు జరిగిపోయింది. మొదట ఉదయగిరి కొండమీద తీసిన ముక్క వచ్చింది. కూలిన కోట గోడల మధ్య చెల్లెలు పరిగెత్తింది, పెళ్లికొడుకు వెనకాల పరిగెత్తాడు. ఎండకి ఇద్దరికీ ఆయాసం వచ్చింది. స్లోమోషన్‌లో ఆ ఆయాసం కూడా ప్రేమలాగే ఉంది. నేను అక్కడ ఆపి, శిథిలాల నేపథ్యంలో కొత్త జీవితాన్ని చూపడంలోని వైరుధ్యం గురించి మాట్లాడాను. తర్వాత తామరపువ్వు విచ్చుకుని అందులోంచి చెల్లెలి మొహం వచ్చింది, అక్కడా ఆపాను. చంద్రుడిలో పెళ్లికొడుకు తేలాడు, అక్కడా ఆపాను. నాయన తల గోడకి ఆనించి కళ్లు మూసుకున్నాడు. మిగతావాళ్లు కారాబూంది తింటూ ఓర్చుకున్నారు.

ముహూర్తం వచ్చింది. సరిగ్గా తాళి కట్టే క్షణానికి తెర కుడిపక్కన మబ్బులు కమ్మి, వాటిలోంచి లక్ష్మీనారాయణులు దిగారు. ఇద్దరి చేతుల్లో పూలబుట్టలు. వధూవరుల మీద పూలు పోస్తున్నారు. మా వైపు ఏ పెళ్లి వీడియోలోనైనా ఇది ఉండి తీరాలి. కానీ మిగతా వీడియోల్లో దేవుడు మబ్బుల్లోనే ఉంటాడు. మా దాంట్లో వేదిక మీదికే వచ్చేశాడు, అదీ నిలువెత్తున.

నేను ఆపాను. ఇక నా సిద్ధాంతం ఆగలేదు. తెర మీద ఏం కనబడుతోందో అందరూ చూస్తారు, కానీ ఏది కప్పారో చూసేవాడే విమర్శకుడు అన్నాను. దైవం వచ్చి నిలబడిన చోట మనుషులకి చోటు లేదని ఎడిటర్ చెబుతున్నాడన్నాను. చాలా బాగా చెబుతున్నానని నాకే అనిపించింది.

పెద్దమ్మ తెరనే చూస్తోంది. ఎప్పుడూ నన్ను ఏదీ అడగని మనిషి అప్పుడు అడిగింది.

"అయితే వాడు కావాలనే కప్పినాడంటావా?"

"కావాలనే పెద్దమ్మా. ఊరికే ఎవరూ కప్పరు."

ఆమె లేచి, బస్సు టైమయిందని సంచి తీసుకుంది. అన్నం తిని పొమ్మని అమ్మ బతిమాలినా ఆగలేదు. ఆమె గుమ్మం దాటాక నేను తెరకేసి మళ్లీ చూశాను. పూలబుట్ట పైనుంచి అమ్మ మొహం కనబడుతోంది. అమ్మ పక్కన ఉండాల్సిన మనిషి చోట లక్ష్మీదేవి ఉంది. ఆ తల్లి పాదాల కింద తామరరేకుల మధ్యనుంచి పెద్దమ్మ ఊదారంగు చీర కుచ్చిళ్లు బయటికి కనబడుతున్నాయి.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. అమ్మే చేసింది. పెద్దమ్మ గట్టిగా అరిచి ఉంటే మాకు భయం ఉండేది కాదు. మెల్లగా మాట్లాడింది.

"మంచి పనే చేసినారులేమ్మా. ఆ పొద్దు మొహమాటానికి పిలిచినావు. రేపు పిల్ల సంసారానికి కీడు కదా, అందుకని చెరిపించినావు. నేనేమీ అనుకోలా."

అమ్మ ఏదో చెప్పబోయేలోపు పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. అమ్మకి తోడబుట్టింది ఆమె ఒక్కతే. అమ్మ నన్ను తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు. సీరియల్ వేళకి టీవీ పెట్టడం మానేసింది. వండినదాంట్లో ఉప్పు ఉందో లేదో కూడా చూసుకోవడం లేదు. తను అందరిముందు వేదికెక్కించిన అక్కే, తోడబుట్టింది తనని చూసి సిగ్గుపడిందని నమ్ముతోందే అన్న బాధ అమ్మని తినేస్తోంది. కళలో అలా యాదృచ్ఛికంగానూ జరగొచ్చని నేను అనబోయాను. మా ఆవిడ చూసిన చూపుకి నోరు మూసుకున్నాను. మాటలతో పాడుచేసింది మాటలతో బాగుపడదు, వెళ్లి ఆ స్టూడియోవాణ్ణి అడగమని చెప్పి, చెప్పులు తెచ్చి నా ముందు పెట్టింది.

స్టూడియో బస్టాండు దగ్గర, మేడమీద ఉంది. ఎడిటర్ చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎవరి పెళ్లి వీడియోలోనో పావురాలు ఎగరేస్తున్నాడు. ముహూర్తం దగ్గర దేవుణ్ణి అక్కడే ఎందుకు పెట్టావని అడిగాను. ఇంత ఆశగా నేను ఏ రచయితనీ ఏ ప్రశ్నా అడగలేదు.

"అక్కడే ఖాళీ ఉండింది సార్," అన్నాడు.

అక్కడ ఇద్దరు మనుషులుంటే ఖాళీ ఎలా అవుతుందయ్యా అన్నాను. అతను ఫైలు తెరిచి, దేవుణ్ణి తీసి చూసి, అవును సార్, ఎవరో ఉండారు అని ఒప్పుకున్నాడు. మరి ఎడమపక్క పెట్టకూడదా అంటే, అటు పెడితే పంతులుగారి మొహం పోతుందన్నాడు. పంతులుగారి మొహం పోతే ఏమవుతుందని అడిగాను.

"ఆయనే కదా సార్ మాకు పెళ్లిళ్ల ఆర్డర్లు చెప్పేది," అన్నాడు.

ఇతివృత్తం అదీ, శిల్పం అదీ. ఇన్నేళ్లు నేను చెప్పిన పాఠాలన్నీ ఆ చిన్న గదిలో కంప్యూటరు వేడికి ఆవిరైపోయాయి. దేవుణ్ణి పూర్తిగా తీసెయ్యమన్నాను. అతను చెవుల్లోంచి హెడ్‌ఫోన్లు తీసి నావైపు తిరిగి కూర్చున్నాడు. దేవుడు లేకుండా ముహూర్తం తన స్టూడియోలో ఇంతవరకూ బయటికి పోలేదట. రేపు పెళ్లికొడుకు తరఫువాళ్లు వచ్చి గొడవ చేస్తే మీరొచ్చి నిలబడతారా అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. చివరికి ఎడమపక్కే చోటు వెతికాం. పంతులుగారి వెనకాల, స్తంభం పక్కన ఒక మనిషి చేతులు కట్టుకుని, పెళ్లిని పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు చూస్తున్నాడు. అది నేనే.

"దేవుణ్ణి కొంచెం చిన్నది చేస్తే పంతులు మిగుల్తాడు సార్, మీరు పోతారు," అన్నాడు.

నన్నే తీసెయ్యమన్నాను. పెళ్లికూతురి అన్న లేకపోతే ఎట్లా సార్ అని ఓ మాట అన్నాడు గానీ, అప్పటికే లక్ష్మీనారాయణుల్ని నా మీద దించేశాడు. మబ్బుల కిందనుంచి నా మోచెయ్యి ఒకటి మిగిలింది. కుడిపక్క పెద్దమ్మ మొహం తేటగా వచ్చిందా లేదా అన్నంతవరకే చూసుకుని, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నాను.

అమ్మని తీసుకుని ఉదయగిరి బస్సెక్కాను. దారంతా పాటలు మోగుతూనే ఉన్నాయి, నేను ఒక్కదాన్నీ వివరించలేదు. మేం వెళ్లేసరికి పెద్దమ్మ కొట్టులో శనగపప్పు తూస్తోంది. మమ్మల్ని చూసి కూడా తూకం ఆపలేదు. వచ్చినవాళ్లని పొమ్మనలేక, లోపలికి పోయి కూర్చోమన్నట్టు గడ్డం ఎత్తింది. కొట్టు వెనక గదిలో టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టాను. దేవుణ్ణి అక్కడ పెట్టింది పంతులుగారి మొహం కోసమేనని, అమ్మకి గానీ మాకెవరికీ గానీ దాంట్లో ప్రమేయం లేదని, నేను చెప్పినదంతా వాగుడని చెప్పాను. ఆమె నమ్మినట్టు లేదు. చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

తాళి కట్టే క్షణం వచ్చింది. దేవుళ్లు ఎడమపక్క దిగారు. కుడిపక్క అమ్మా పెద్దమ్మా నిలువునా కనబడుతున్నారు. పెద్దమ్మ తల వంచుకుని ఉంది. నిలబడలేక నిలబడినట్టుంది. వెనక్కి వెళ్లిపోవాలని ఒకసారి కదిలింది, కదలలేకపోయింది. అమ్మ ఆమె మణికట్టు పట్టుకుని ఉంది. మేళం జోరందుకుంది, అందరూ అక్షింతలు వేస్తున్నారు. అమ్మ కూడా వేసింది. పెళ్లికూతురి తల్లి, కన్నబిడ్డ తలమీద, అందరూ చూస్తుండగా, ఎడమచేత్తో అక్షింతలు వేసింది.

పెద్దమ్మ గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

"ఎడంచేత్తో ఏసినావేమ్మా, బిడ్డ మీద?"

అమ్మ కూడా అప్పుడే చూసుకుంటోంది. ఆ సందడిలో తనకీ తెలియలేదు.

"కుడిచేత్తో నిన్ను పట్టుకోనుంటిని కదక్కా. వదిలితే దిగిపోతివి," అంది.

కొట్టు ముందు ఎవరో చింతపండు కావాలని కేకేశారు. రేపు రమ్మని పెద్దమ్మ లోపల్నుంచే చెప్పింది. తర్వాత అమ్మ పక్కన చాపమీద కూలబడి, ఆ ఎడమచేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని కళ్లకద్దుకుంది.