కత్తెర వదలని చెయ్యి

మా జిల్లాలో వాన పడని ఏడు అంటే ఏ ఏడో ఎవరికీ తెలియదు. అందుకని, మా ఊరు పామిడికి సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన ఏడు అంటాను. బీఎస్సీ పాసై, ఉద్యోగమే నన్ను వెతుక్కుంటూ వస్తుందని కొంతకాలం చూసి, నాయన టైలరింగ్ షాపులో నైటీలు కత్తిరిస్తున్నాను. ఆ రోజు పొరలుగా పరిచిన గుడ్డ మధ్యలో నా కుడిచెయ్యి బిగుసుకుపోయింది. వేళ్లు కర్రల్లా దగ్గరికొచ్చాయి. కత్తెర వాటిలోనే ఉండిపోయింది.

“ఇడువురా!” అన్నాడు నాయన.

“నేను ఇడిసినా నాయనా, అదే ఇడ్సలేదు.”

కాసేపటికి దానంతటదే సడలింది. ఆ తర్వాత తరచూ అట్లాగే బిగుసుకునేది, పెదాల చుట్టూ చీమలు పాకినట్టూ ఉండేది. ఊళ్లో డాక్టరు నరాల బలహీనత అని బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్లు వేశారు. చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోయింది. చివరికి నాయన కత్తెర తీసుకుని నన్ను గుండీలకు కూర్చోబెట్టాడు. కత్తెర పట్టలేని టైలరుకు అంతకన్నా ప్రమోషన్ ఏముంటుంది?

అనంతపురంలో పెద్ద డాక్టరు సీరం కాల్షియం టెస్టు చేయించి, రక్తంలో అది బాగా తక్కువుందని బెంగళూరు పంపారు. అక్కడి ఎండోక్రైనాలజిస్ట్, అంటే హార్మోన్ల డాక్టరు, నా చేతికి బీపీ పట్టీ చుట్టి, గాలి నింపి, అట్లాగే ఉంచారు. చూస్తుండగానే నా చెయ్యి, అక్కడ లేని కత్తెరను పట్టుకున్నట్టు బిగుసుకుంది. తర్వాత పిడికిలి బిగించమన్నారు. నాలుగో వేలి కణుపు ఉండాల్సిన చోట గుంట. మా ఇంట్లో దాన్ని అమ్మ పోలిక అనేవాళ్లం. ఆయన దాన్ని జబ్బుకు క్లూ అన్నారు.

ఒంట్లో కాల్షియంను నిలబెట్టే హార్మోన్ పీటీహెచ్. అది నాకు తక్కువ కాదు, దండిగా ఉంది.

“మరి కాల్షియం ఎందుకు లేదు సార్?”

“మీరు టైలర్ కదా. తొక్కుడు మిషను అనుకోండి. హార్మోన్ మీ కాలు. కణం మీదుండే రిసెప్టర్ పెడల్. తొక్కితే కదులుతోంది. ఆ కదలికను లోపలికి అందించే బెల్టు జి ప్రోటీన్. మీకు పుట్టుకతోనే దాంట్లో లోపం. కిడ్నీకి కబురు అందడం లేదు, అందుకని ఒళ్లు ఇంకా గట్టిగా తొక్కుతోంది. ఈ పీటీహెచ్ అంతా అదే.”

“బెల్టు మార్చేస్తే పోతుంది కదా సార్?”

“ఆ బెల్టు బజార్లో దొరకదు. చక్రం చేత్తో తిప్పుకోవాలి.”

చేత్తో తిప్పడమంటే కాల్షియం బిళ్లలు, కాల్సిట్రయాల్ అనే విటమిన్ డి మందు, జీవితాంతం. జబ్బు పేరు సూడోహైపోపారాథైరాయిడిజం. పలికేసరికే సగం నీరసం వచ్చింది.

కొన్ని వారాలకు మళ్లీ కత్తెర పట్టాను. అప్పుడు నాయనకు భయం పట్టుకుంది.

“ఈడ బోరు నీళ్లు తాగితేనే కిడ్నీల్లో రాళ్లు పడతాండాయి. దాని మింద సున్నం బిళ్లలు యాలరా? చెయ్యి బాగుండాది కదా, నిలిపెయ్.”

రాళ్ల నొప్పి ఎరగని ఇల్లు మా వీధిలో లేదు. బీఎస్సీ చదివిన నాకూ అది సబబుగానే తోచింది. నిలిపేశాను.

కొద్దిరోజులకే షాపులో ఫిట్స్ వచ్చి పడ్డాను. ఇది నేను తర్వాత విన్నది. ఫిట్స్‌కు ఇనుము పట్టించాలని నాయన షాపు తాళాల గుత్తి నా చేతిలో పెట్టాడు. చెయ్యి దాని మీద బిగుసుకుంది. ఇక షాపు మూసే దారి లేదు.

“ఏమప్పా, దుకాణమంతా పిల్లోని చేతిలోనే పెట్టినావే! పో, నేను చూసుకుంటా,” అని పక్క షాపు మస్తాన్ అన్న కాపలా కూర్చున్నాడట.

ఆస్పత్రిలో కాల్షియం గ్లూకోనేట్ నరంలోకి నెమ్మదిగా ఎక్కిస్తుంటే వేళ్లు ఒక్కొక్కటే విడివడి, తాళాలు కిందపడ్డాయి. నాయన వాటిని వదిలేసి నా వేళ్లు పట్టుకుని చూశాడు.

“రాళ్ల భయం నాకూ ఉంది. అందుకే రక్తం, మూత్రం టెస్టులు రాశాను. బిళ్లలు మానమని రాయలేదే?” అన్నారు బెంగళూరు డాక్టరు తర్వాత.

ఇప్పుడు కత్తిరిస్తూనే ఉన్నాను. జబ్బు కన్నా బెంగళూరు బస్సే ఎక్కువ అలసట. చేతులు ఇట్లా బిగుసుకుంటుంటే బలహీనత అని సరిపెట్టుకోకుండా సీరం కాల్షియం టెస్టు చేయించుకోండి. బిళ్లల మీద అనుమానం వస్తే డాక్టరును అడగండి, మీ అంతట మీరు మానకండి.

నాయనకు జి ప్రోటీన్ సంగతి ఇంకా పూర్తిగా ఎక్కలేదు. కానీ నేను అన్నం తిని లేస్తే చాలు, మిషను మీద నుంచి తల ఎత్తకుండానే అడుగుతాడు:

“చక్రం తిప్పినావా?”