ఆగిన బొమ్మకు పెట్టిన అన్నం

ఫోన్లో ఉన్న మనిషి అసలు ఎక్కడుంటాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నేను నోటితో చెప్తుంటే మా కోడలు రాస్తోంది. నా మాటను కాస్త పుస్తకానికి తగ్గట్టు సరిచేయమన్నాను గానీ, తెలియనిదాన్ని తెలిసినట్టు రాయొద్దని కూడా చెప్పాను. నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు మీద గోదావరిఖని అని ఉంటే పోల్చుకుంటాను. అంతకు మించి చదువు లేదు.

బొగ్గు గనిని మా దగ్గర బాయి అంటారు. మా ఆయన బాయి పని చేసినవాడు. రిటైరైన రోజు బాయి దగ్గర షామియానా వేసి సన్మానం చేశారు. మా కొడుకు దాన్ని ఫోన్‌తో వీడియో తీశాడు. మొదట పెద్దసారు మాట్లాడతాడు. తర్వాత మా ఆయనకు దండ వేస్తారు, శాలువా కప్పుతారు. పక్క కుర్చీలో నేను, నా మెడలోనూ దండ. సారు మా ఆయన నోట్లో పేడా మిఠాయి పెట్టే సమయానికి కొడుకు ఫోన్‌ను నా మీదికి తిప్పాడు. అందుకే ఆయన పేడా తినడం అందులో పడలేదు. మళ్ళీ ఆయన మీదికి వచ్చేసరికి నమిలి మింగేసి, ఆ కొత్త శాలువా అంచుతో మూతి తుడుచుకుంటూ ఉంటాడు. అది చూసి ఇంట్లో అందరం నవ్వేవాళ్ళం. చివర్లో మైకు పట్టుకుని, "నాకు మాట్లాడ రాదు. అందరు డ్యూటీ జేసి మంచిగ పైకి రాండ్రి" అని మైకు ఇచ్చేస్తాడు. అంతే వీడియో.

ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం లేడు. ఛాతీ నిండా దుమ్మే ఉందన్నారు దవాఖానలో.

కొడుకు ఆ వీడియోను నెట్‌లో పెట్టి, తన పాత ఫోన్ నాకిచ్చి, వేలు ఎక్కడ పెట్టాలో చూపించాడు. వేలు పెడితే చిన్న చక్రం తిరిగేది. కాసేపటికి మా ఆయన వచ్చేవాడు. పొయ్యి మీద కూర పెట్టి చూసేదాన్ని, బియ్యం ఏరుతూ చూసేదాన్ని. ఆయన ఆ ఫోన్లోనే ఉన్నాడనుకున్నాను. పెట్టెలో చీర ఉన్నట్టు. మూత తీయడానికి కాస్త ఆలస్యం, అంతే కదా. కంపెనీ క్వార్టర్లో బతికినవాళ్ళ బుద్ధే అంత. బల్బు వెలిగితే కరెంటు మా గోడలోనే పుట్టిందనుకుంటాం. నల్లా తిప్పితే నీళ్ళు అందులోనే ఉన్నాయనుకుంటాం. ఎక్కడి నుంచి వస్తుందని మేమెప్పుడూ అడిగింది లేదు, మమ్మల్ని ఎవరూ లెక్క అడిగిందీ లేదు.

రాష్ట్రం ఇస్తారా ఇవ్వరా అని అందరూ టీవీల ముందు కూర్చున్న చలికాలం అది. మా కాలనీ నుంచి యాత్ర బస్సు బయల్దేరింది. కాశీ, గయ చూసుకుని నేపాల్లో పశుపతి దాకా. నేనూ మా తోటికోడలూ పేర్లిచ్చాం. తీరా చూస్తే, మా ఆయన పోయిన తిథి సరిగ్గా యాత్ర మధ్యలో పడింది.

ఏటా ఆ తిథికి ఆయన ఫోటో ముందు విస్తరి వేసి అన్నం పెడతాను. ముద్దపప్పు, పచ్చిపులుసు, పక్కన బీడీ కట్ట. రెండో షిఫ్టు సైరన్ కూయకముందే పెట్టాలి, బతికున్నన్నాళ్ళూ ఆయన అలా తినే డ్యూటీకి పోయేవాడు. పోయిన మనిషి ముఖం ఎదురుగా లేకుండా పెట్టిన అన్నం ఎవరికి పోతుందో తెలియదనీ, ఒక్క ఏడు తప్పినా పోయినవాళ్ళు ఆకలితో తిరుగుతారనీ మా అత్త చెప్పేది. కొడుకు ఉద్యోగం, కాపురం రామకృష్ణాపూర్‌లో. మా ఇంటికి తాళం పడుతుంది. ఈ ఏడు ఆయనకు అన్నం పెట్టాలంటే తొవ్వలో నేనే పెట్టాలి.

గోడ మీది ఫోటో తీసి తువ్వాలలో చుడుతుంటే తోటికోడలు వచ్చింది.

"గది ఏడ వెడతవక్కా? బస్సుల మంది కాళ్ళ కింద వడి అద్దం పలుగుతది. మంచిది గాదు."

నిజమే అనిపించింది. ఫోటోను మళ్ళీ మేకుకు తగిలించాను. "ఫోన్ల ఉన్నడు గద. గండ్లనే సూపిస్త" అన్నాను.

"ఇంక మంచిది. నీ మొగనికి టికెట్ గూడ అక్కర లేదు" అంది.

బస్సు దగ్గర కొడుకు సంచులు సర్దుతూ, "అవ్వా, నేపాల్ల నెట్టు జోలికి పోకు. అది వేరే దేశం. నా జీతమంత గండ్లనే పోతది" అన్నాడు.

"నెట్టుతోని నాకేం పనిర? నేను మీ బాపును సూసుకుంట, గంతే" అన్నాను.

డ్రైవర్ హారన్ కొట్టాడు. నా మాట కొడుకుకు వినపడలేదు.

కాశీలో మా ఆయన వచ్చాడు. గయలోనూ వచ్చాడు. గోరఖ్‌పూర్‌లో చాయ్ తాగుతూ చూశాను, మైకు పట్టుకుని మంచిగ పైకి రాండ్రి అన్నాడు. ఆ తర్వాత సోనౌలి అనే చోట ఒక పెద్ద దర్వాజా కింది నుంచి బస్సు పోయింది. పోలీసాయన ఓటు కార్డులు చూసి పొమ్మన్నాడు. అవతల కూడా అవే దుకాణాలు, అవే రిక్షాలు, మన నోట్లే తీసుకున్నారు. దేశం దాటామని అంటున్నారు గానీ దాటినట్టు నాకు ఎక్కడా కనిపించలేదు. పెద్దపల్లి దాటితే కనిపించేంత తేడా కూడా లేదు.

కొంత దూరం పోయాక వేలు పెట్టాను. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. నల్లటి తెర, మధ్యలో చక్రం, ఆయన లేడు. ఫోన్‌ను చీర కొంగుతో తుడిచాను. మళ్ళీ పెట్టాను. ఎండలో పెట్టి చూశాను. తిథి రేపే.

ముందు సీటులో లాంపు రూములో పనిచేసి రిటైరైనాయన ఉన్నాడు. బాయిలోకి దిగేవాళ్ళకు నెత్తి మీద పెట్టుకునే దీపాలు ఇచ్చే గది అది. నాకన్నా చిన్నవాడు, తమ్మి అని పిలుస్తాను. ఫోన్ ఆయన చేతిలో పెట్టాను.

"తమ్మీ, మా ఇంటాయన ఎటు వోయిండో జర సూడు."

ఆయన ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. "నెట్టు లేదక్కా. నాది గూడ బందయింది. రాష్ట్రం ముచ్చట ఏమైందో సూద్దామంటె పొద్దుగాలటి సంది ఏం అస్తలేదు."

"నేను నెట్టు అడుగుతలేను. ఆయనను అడుగుతున్న."

"ఆయన నెట్ల నుంచే అస్తడక్కా. ఎట్ల జెప్పాలె నీకు... మన బాయి దీపం ఉన్నదా, పైన చార్జింగు వెట్టుకొని బ్యాటరీ నడుముకు గట్టుకొని దిగుతం. ఎంత దూరం వోయినా ఎలుగుతది. ఇది గట్ల గాదు. ఇది తీగెకున్న బల్బు. తీగె ఒడిసిన కాడ ఎలుగు ఒడిసింది."

"ఫోనుకు తీగె ఏడుంది తమ్మీ?"

"గాలిల ఉంటది."

"మరి గీడ గాలి లేదా?"

ఆయన కిటికీ బయటికి చూశాడు. "ఉన్నది. గాని ఆళ్ళ గాలి."

"మరి ఇప్పుడు ఆయన ఏడున్నడు?"

"ఏదో దూరం దేశంల పెద్ద పెద్ద డబ్బాలుంటయట. మనం వేలు వెట్టినప్పుడల్ల గాడికెల్లి అస్తడట."

తోటికోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మా బావ మంచిర్యాల పోతెనే రెండు రోజులు కాళ్ళు గుంజుతన్నయనేటోడు. గంత దూరం దినాం అచ్చి పోయిండంటవా అన్నా?" అని, ఆయన ఏమీ అనకముందే, "మనం ఇంకో దేశంల ఉన్నం, ఆడ ఇంకో రాష్ట్రం అయితె, ఇంటికి పోయే తొవ్వ మారదు గద?" అంది. బస్సంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. ఇన్నాళ్ళూ నేను ఎప్పుడు పిలిస్తే అప్పుడు ఆయన అంత దూరం నుంచి వచ్చాడా? కూర మాడుతోందని మధ్యలో ఎన్నిసార్లు ఆపేశాను. ఆపినప్పుడు తిరిగి పోయేవాడా, తొవ్వలో ఎక్కడన్నా నిలబడేవాడా? అడుగుదామంటే మళ్ళీ నవ్వుతారని ఊరుకున్నాను.

మర్నాడు కాఠ్మాండులో లాడ్జికి చేరాం. పశుపతి దర్శనం చేసుకుని వచ్చి వంటాయన దగ్గర పప్పు, పచ్చిపులుసు చేయించుకున్నాను. మేడ మీద గోడ పక్కన నీళ్ళు చల్లి విస్తరి వేశాను. అన్నం ఉంది, బీడీ కట్ట ఉంది. ముఖమే లేదు. ఇంటి గోడ మీద మేకుకు వేలాడుతున్న ఫోటో కళ్ళలో తిరిగింది.

ఇంకో తిరకాసు. లాడ్జి గడియారంలో ఒక టైం, నా ఫోన్లో ఒక టైం. వాళ్ళది పావుగంట ముందట. గంట తేడా అంటే ఏదో అనుకోవచ్చు, ఈ పావుగంట ఏమిటో! ఏ లెక్కన సైరన్ కూసినట్టు? మన బాయి సైరన్ మన టైముకే కదా కూసేదని చివరికి ఫోన్‌నే నమ్మాను.

తోటికోడలు ఫోన్ పట్టుకుని కింద కౌంటర్లో ఉన్న పిల్ల దగ్గరికి పోయింది. బజారు ఉర్దూలో ఏం చెప్పిందో తెలియదు గానీ, ఆ పిల్ల లాడ్జి వాళ్ళ నెట్టు ఏదో కలిపిందట. పరుగున పైకి వచ్చింది. "అక్కా, అస్తున్నడు, అస్తున్నడు. ఇస్తరి కాడ కూసో."

చక్రం తిరిగింది. సారు వచ్చాడు. ఒక్కో మాటకు ఒకసారి ఆగుతున్నాడు. నేను అన్నం ముద్ద పట్టుకుని కూర్చున్నాను. దండ వచ్చింది, శాలువా వచ్చింది. ఆయన ముఖం పూర్తిగా ఇటు తిరుగుతుందనగా బొమ్మ నా మీదికి తిరిగింది. అప్పుడే కింద ఫ్యాన్లు ఆగిన చప్పుడు వినపడింది. కరెంటు పోయింది. దాంతో నెట్టూ పోయింది. బొమ్మ ఆగిపోయింది.

ఊరంతా పోయిందట, రోజూ పోతుందట, ఎప్పుడు వస్తుందో తెలియదట. రామగుండం కరెంటు కేంద్రం పొగగొట్టాల నీడలో ఉండేదాన్ని నేను. ఇంత పెద్ద ఊరికి కరెంటు లేకపోవడం ఏమిటో నా బుర్రకు ఎక్కలేదు.

ఆగిన బొమ్మలో ఉన్నది నేను. నుదుట ఇంత బొట్టు, మెడలో దండ. నా పక్కన ఆయన భుజం ఒక్కటే ఉంది, శాలువా కప్పిన భుజం.

తోటికోడలు ఫోన్‌ను గబుక్కున వెనక్కి లాక్కుంది. "వద్దక్కా. నీ ముంగట నువ్వే పిండం వెట్టుకున్నట్టుంటది. బతికున్న మనిషివి."

"టైం అయితంది చెల్లె."

"దండ గూడ ఉన్నది మెడల. నాకు భయమైతంది."

నాకూ అయింది. లేదని అబద్ధం చెప్పను. పెడితే నాకేమవుతుందో, పెట్టకపోతే ఆయనకేమవుతుందో, రెండూ తెలియలేదు. ఫోన్ దానంతటది ఆరిపోబోతే తోటికోడలు వేలితో తట్టింది. మళ్ళీ నేను, మళ్ళీ ఆ భుజం. ఇంటికి వస్తే తువ్వాల ఆ భుజం మీదే ఉండేది. అన్నం తిన్నాక నేను చేతులు తుడుచుకునేదీ దానికే.

"నా ముఖం మీద నీ చేయి అడ్డం వెట్టు" అన్నాను.

"ఏంది?"

"నన్ను మూసిపెట్టు. భుజం సూపియ్యి. గా భుజానికి వెడత."

ఆమె అరచేత్తో నన్ను మూసింది. నేను ఆయన భుజానికి ఎదురుగా ముద్ద పెట్టాను, పచ్చిపులుసు పోశాను, బీడీ కట్ట దగ్గరికి జరిపాను. ఇద్దరం దూరం జరిగాం. ఒక కాకి గోడ మీద వాలింది, దిగింది, తింది. మన కాకేనా, వాళ్ళ కాకా? వాళ్ళ గాలి మనకు పనికిరానప్పుడు వాళ్ళ కాకి ఎట్లా పనికివస్తుంది? తోటికోడలిని అడిగితే, "కాకికి ఏం దేశమక్కా" అంది.

ఆ బొమ్మను మూయకుండా ఫోన్‌ను అలాగే సంచిలో పెట్టాను. తిరుగు ప్రయాణమంతా దాని జోలికి పోలేదు. ఆయన తిన్నాడో లేదో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

సోనౌలి దాటాక బస్సు చాయ్ హోటల్ దగ్గర ఆగింది. సంచిలో ఫోన్ టింగుటింగుమంది. లాంపు రూము తమ్మి, "తీగె అందిందక్కా" అని తన ఫోన్ తీసుకుని రాష్ట్రం ముచ్చట వెతుక్కుంటూ పక్కకు పోయాడు. నేను తీసి వేలు పెట్టాను. మొదటి నుంచి రాలేదు. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే కదిలింది. బొమ్మలో నేను కళ్ళార్పాను. బొమ్మ ఆయన మీదికి తిరిగింది. ఆయన నమిలి మింగి, శాలువా అంచుతో మూతి తుడుచుకున్నాడు.

తోటికోడలు నా భుజం మీది నుంచి చూస్తోంది. ఈసారి నవ్వలేదు. "తిన్నడక్కా" అంది మెల్లగా.

తిరిగి వచ్చాక కొడుకు ఇంటికి పోతే, వాడు ఆ వీడియోను ఫోన్లోకే దించి ఇచ్చాడు. "ఇగ ఎటు వోయినా అస్తడవ్వా. లోపలనే ఉన్నడు" అన్నాడు. నాకు అది సంతోషమే. కానీ అడగాల్సింది అడిగాను.

"గీడ మూతి తుడుసుకుంటున్నడు సూడు. ఏం దిని తుడుసుకున్నడుర?"

"పేడా అవ్వా. సారు వెట్టిండు గద."

"నువ్వు సూసినవా?"

వాడు వీడియోను వెనక్కి జరిపి చూశాడు. వీడియో తీసింది వాడే. సరిగ్గా అప్పుడు ఫోన్‌ను నా మీదికి తిప్పిందీ వాడే. ఫోన్ నా చేతిలో పెట్టి, టిఫిన్ డబ్బా తీసుకుని డ్యూటీకి పోయాడు.